శవం కోసం కోర్టుకు వెళ్లాలా?

సంపాదకుడు గారికి,

నమస్కారం. మావోయిస్టు నేత హిడ్మా మరణం తర్వాత అతని తలపై ఉన్న రివార్డు, చేసిన దాడులు, చుట్టూ ఉండే అంగరక్షకుల గురించి అన్ని పత్రికల్లోనూ పేజీలకు పేజీలు వచ్చాయి. నా ఉత్తరం అతని తల్లి గురించి. 2025 నవంబరులో ఛత్తీస్‌గఢ్ ఉప ముఖ్యమంత్రి విజయ్ శర్మ సుక్మా జిల్లా పువర్తికి వెళ్లి ఆమెను కలిశారు. ఆయుధం వదిలి ఇంటికి రమ్మని కొడుక్కి ఆమె చేత చెప్పించారు. పది రోజులైనా గడవలేదు. 18వ తేదీన మన మారేడుమిల్లి అడవుల్లో జరిగిన ఎదురుకాల్పుల్లో హిడ్మా, అతని భార్య రాజే, మరో నలుగురు చనిపోయారని పోలీసులు ప్రకటించారు. మృతదేహాలను బంధువులకు అప్పగించారు. భార్యాభర్తలిద్దరికీ పువర్తిలోనే అంత్యక్రియలు జరిగాయి. అంతవరకూ మేలే.

మరి అదే ఏడాది మే నెలలో శ్రీకాకుళం జిల్లా జియ్యన్నపేట కుటుంబానికి ఆ మాత్రం మర్యాద ఎందుకు దక్కలేదు? మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాళ్ల కేశవరావు మే 21న నారాయణపూర్ జిల్లా అడవుల్లో చనిపోయాడు. వరంగల్ ఆర్‌ఈసీలో ఇంజినీరింగ్ చదివి అడవి బాట పట్టిన మనిషి. శవాన్నైనా ఇవ్వండని కుటుంబ సభ్యులు మన హైకోర్టు మెట్లెక్కారు. పోస్టుమార్టం అయ్యాక అప్పగిస్తామని ఛత్తీస్‌గఢ్ తరఫున కోర్టులో చెప్పారు. తీరా 26న నారాయణపూర్‌లో పోలీసులే చితి పేర్చి దహనం చేశారు. చట్టప్రకారం హక్కు చూపిన వారెవరూ లేరన్నది అధికారుల వాదన. దశాబ్దాలుగా ఏ ఇంటి మీద నిఘా పెట్టారో ఆ ఇంటివాళ్లే వచ్చి అడిగితే, మీరు ఎవరో రుజువు ఏదంటే ఏమనుకోవాలి?

నేను రెవెన్యూ శాఖలో పని చేసి రిటైరైనవాణ్ణి. ఉద్యోగ ధర్మంగా చాలా శవ పంచనామాలు రాశాను. ఇరవై ఏళ్ల కిందట ఒక మార్చురీలో దళ కమాండర్ శవాన్ని గుర్తు పట్టడానికి అతని తల్లి వచ్చింది. ముఖం మీద గుడ్డ తీస్తుంటే వద్దంది. నేరుగా ఎడమ మోకాలు చూపించమంది. చిన్నప్పుడు కొడవలి తెగిన మచ్చ ఉందట. పంతొమ్మిదేళ్లప్పుడు ఇల్లు వదిలిన కొడుకు ముఖం ఇప్పుడు ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు మరి. మచ్చ మీద చేయి వేసి, వీడే అంది. పంచనామాలో ‘పుట్టుమచ్చలు, గుర్తులు’ అన్న గడిలో ఆ మచ్చ కొలత రాసుకున్నాను.

చనిపోయినవారిని వీరులుగా కొలవమని నేను అడగడం లేదు. 2018 సెప్టెంబరులో అరకు ప్రాంతంలో ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావునూ, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమనూ మావోయిస్టులు పట్టపగలు కాల్చి చంపారు. ఆ ఇళ్లలోనూ పిల్లలున్నారు. 2010 ఏప్రిల్‌లో ఛత్తీస్‌గఢ్ తాడ్‌మెట్లలో మావోయిస్టుల దాడిలో చనిపోయిన 76 మంది జవాన్లకూ తల్లులున్నారు. ఇక పార్టీ సొంత మనుషుల కుటుంబ జీవితానికి ఇచ్చిన విలువ కూడా అంతంతమాత్రమే. దళంలో పెళ్లి చేసుకోవాలంటే మగవారికి పిల్లలు పుట్టకుండా వేసెక్టమీ ఆపరేషన్ చేయించేవారని లొంగిపోయినవారే చెప్పారు. కొందరు బయటికొచ్చాక మళ్లీ ఆపరేషన్ చేయించుకుని బిడ్డల్ని కన్నారు. 2004లో హైదరాబాద్‌కు ప్రభుత్వంతో చర్చలకు వచ్చిన మావోయిస్టు నేత ఆర్‌కే కొడుకు కూడా దళంలో చేరి 2016 అక్టోబరులో ఒడిశాలోని రామగుడ కాల్పుల్లో పోయాడు. అయిదేళ్లకు జబ్బుతో ఆర్‌కే అడవిలోనే చనిపోతే, అంత్యక్రియలు పార్టీ అక్కడే చేసి ఫొటోలు విడుదల చేసింది. ఇంటివాళ్లకు మిగిలింది ఆ ఫొటోలే.

పెద్దపల్లి సంగతి చూడండి. 2011 నవంబరులో పశ్చిమ బెంగాల్‌లో మావోయిస్టు నేత కిషన్‌జీ చనిపోతే శవాన్ని కుటుంబానికిచ్చారు, సొంత ఊరికి తెచ్చుకున్నారు, జనం పోటెత్తారు. దానివల్ల ప్రభుత్వం ఏమీ కూలిపోలేదు. ఆ తల్లి 2022లో కన్నుమూసింది. మరో కొడుకు వేణుగోపాల్ 2025 అక్టోబరులో గడ్చిరోలిలో అరవై మందితో బయటికి వచ్చేసరికి చూసుకోవడానికి ఆమె లేదు. అంత్యక్రియలు ఊరేగింపులవుతాయని, సమాధులు స్తూపాలవుతాయని పోలీసులకున్న భయం నాకు తెలుసు. బందోబస్తు పెట్టుకోవచ్చు, సభలు పెట్టవద్దనవచ్చు. శవాన్నే దాచడం బందోబస్తు కాదు.

పోలీసు కాల్పుల్లో ఎవరైనా చనిపోతే దగ్గరి బంధువులకు వీలైనంత త్వరగా తెలపాలని సుప్రీంకోర్టు 2014లోనే చెప్పింది. తెలపడంతో ఆగకుండా, పోస్టుమార్టం అయిన ఇన్ని గంటల్లో అప్పగించాలని గడువు పెట్టాలి. చనిపోయింది ఒక రాష్ట్రంలో, సొంత ఊరు మరో రాష్ట్రంలో అయితే గుర్తింపు పత్రం ఆ ఊరి తహసీల్దారు ఇస్తే చాలు, అది గంట పని. శవాన్ని ఊరికి చేర్చే ఖర్చు ప్రభుత్వమే భరించాలి.

ఆ ఖర్చు మాట ఎందుకంటే, నేను చెప్పిన తల్లి దగ్గర ఆ రోజు బస్సు చార్జీకి మించి డబ్బు లేదు. వ్యాను కిరాయి మేము నలుగురు గుమాస్తాలం, మార్చురీ కాపలాదారు కలిసి వేసుకున్నాం. మర్నాడు దాన్ని ఏ పద్దు కింద రాయాలని అడిగితే, మా ఆఫీసులో ఎవరూ చెప్పలేకపోయారు.

– ఒక విశ్రాంత రెవెన్యూ ఉద్యోగి, శ్రీకాకుళం జిల్లా