ఈ నెల మీ ఆర్డర్లు ఎందుకు ఆలస్యమయ్యాయంటే

మా కస్టమర్లకు నమస్కారం.

ఈ నెల మీలో చాలామందికి చెప్పిన తేదీకి బ్రాకెట్లు, క్లాంపులు పంపలేకపోయాం. ఫోన్ చేసినప్పుడు మెషిన్ రిపేరు అన్నాం. అది సగమే నిజం. మిగతా సగం కూడా చెప్పాలి.

మూడు వారాల కిందట రాత్రి షిఫ్టులో ప్రెస్సు (రేకును నొక్కి ఆకారం తెచ్చే మెషిన్) మీద పనిచేస్తున్న కుర్రాడి గ్లౌజు కొస డైలో, అంటే అచ్చులో, పడి నలిగిపోయింది. వెంట్రుకవాసిలో వేలు దక్కింది. ఆ ప్రెస్సుకు రెండు బటన్లుంటాయి. రెండు చేతులతో రెండూ నొక్కితేనే ర్యామ్ (పైనుంచి దిగి రేకును నొక్కే భాగం) దిగాలి, కాబట్టి ఆ సమయంలో చెయ్యి డై దగ్గర ఉండే వీలే లేదు. వెళ్లి చూస్తే ఒక బటన్ సందులో చెక్కముక్క దూర్చి ఉంది.

ఎవరు పెట్టారని అరిచాను. ఎవరూ పలకలేదు. మర్నాడు ఒక్కొక్కరితో విడిగా కూర్చుని మాట్లాడితే, నెలల తరబడి అలాగే నడుస్తోందని, సూపర్‌వైజర్‌కూ తెలుసని బయటపడింది. ఒక చెయ్యి ఖాళీగా ఉంటే షిఫ్టుకు ఎక్కువ ముక్కలు వస్తాయి. ఎక్కువ ముక్కలు తీసినవాళ్లకు ఇన్సెంటివ్ ఇస్తున్నది నేను. గోడకు భద్రత బోర్డు తగిలించిందీ నేనే. వాళ్లు బోర్డును కాక జీతాన్ని నమ్మారు. ఆ కుర్రాడిని తప్పుపట్టే హక్కు నాకు లేదు.

ముక్కల లెక్కన ఇచ్చే ఇన్సెంటివ్ ఆపేసి, ఆ డబ్బు అందరి జీతంలో కలిపాం. ప్రెస్సులన్నీ ఆపి కంట్రోల్ మార్చాం. ఇప్పుడు రెండు బటన్లూ అరసెకను తేడాలోపు నొక్కాలి, ప్రతి స్ట్రోక్ (ర్యామ్ ఒకసారి దిగి లేవడం) తర్వాత రెండూ వదలాలి. ఒకటి నొక్కిపెట్టి ఉంచితే ప్రెస్సు కదలదు. రెండు కొత్త ప్రెస్సులకు లైట్ కర్టెన్ కూడా పెట్టాం. అది కాంతి కిరణాల తెర, చెయ్యి అడ్డొస్తే ప్రెస్సును ఆపుతుంది. చెయ్యి సెకనుకు 1.6 మీటర్ల వేగంతో లోపలికి వెళ్తుందని లెక్కేస్తారు. అంటే ప్రెస్సు ఆగడానికి 0.2 సెకన్లు పడితే, కర్టెన్ డైకి కనీసం 32 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి.

కీ క్లచ్ అనే పాత రకం ప్రెస్సు దగ్గరే చిక్కు వచ్చింది. దాని స్ట్రోక్ మొదలైతే మధ్యలో ఆగదు, కాబట్టి లైట్ కర్టెన్ పెట్టినా చెయ్యిని కాపాడలేదు. డై చుట్టూ కదలని గార్డు బిగించి, రేకు మాత్రమే దూరేంత సందు వదిలాం. చెయ్యి పట్టదు. పని మాత్రం బాగా నెమ్మదించింది. మీ ఆర్డర్ల ఆలస్యంలో ఎక్కువ భాగం ఇక్కడిదే.

డై మార్చేటప్పుడు మెయిన్ స్విచ్‌కు ఎవరి తాళం వాళ్లు వేసుకుని, తాళంచెవి జేబులో పెట్టుకుంటున్నారు. త్రుటిలో తప్పిన ప్రమాదాలు రాయడానికి ఒక పుస్తకం కూడా పెట్టాం. మొదటి వారం అందులో ఒక్క అక్షరం పడలేదు. రాస్తే జీతం కోస్తారేమోనన్న భయం. దాంతో మొదటి పేజీలో నా తప్పు నేనే రాశాను. ఇప్పుడు పదకొండు ఉన్నాయి. నూనె కారి జారే నేల, విరిగిన పెడల్ కవర్, ఇలా. వీటిలో ఏడు సరిచేశాం. మిగిలిన నాలుగింటికి తేదీలు వేసి గోడకు అంటించాం.

పాత ప్రెస్సు మీద తయారయ్యే భాగాలకు ఇకనుంచి వారం రోజులు అదనంగా అడుగుతాం. అర్జెంటు అని మీరు ఫోన్ చేస్తే నాకూ టెన్షనే, మిమ్మల్ని పోగొట్టుకోవాలని లేదు. అయినా గార్డు తీసి నడపమని ఎవరితోనూ చెప్పను. అంత సమయం ఇవ్వలేనివాళ్లు ముందే చెబితే అడ్వాన్సు తిరిగి ఇచ్చేస్తాను. ఆగిపోయిన క్లాంపుల మొదటి లాటు ఈ శుక్రవారం బయలుదేరుతోంది.