చొక్కా తిరగేసి చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం అండి. నాది రావులపాలెం, బస్టాండుకి దగ్గర్లో చిన్న టైలరింగ్ షాపు. ఇరవై ఆరేళ్ల నుంచి ఇదే పని. మొదట్లో ప్యాంట్లు చొక్కాలు కుట్టేవాడిని, ఇప్పుడు గుడ్డ కొని కుట్టించుకునేవాళ్లు తగ్గిపోయారు కాబట్టి ఎక్కువగా ఆల్టరేషనే, రెడీమేడ్ కొనుక్కొచ్చి పొడుగు తగ్గించమనీ సైడులు పట్టమనీ జిప్పు మార్చమనీ తెస్తారు. అందువల్ల ఈ పేరున్న కంపెనీల ట్రాక్ ప్యాంట్లు, జెర్సీలు, జాకెట్లు గట్రా బయట ఎలా ఉంటాయో మీ అందరికీ తెలిసినా లోపల ఎలా ఉంటాయో రోజూ తిరగేసే నాకు ఇంకొంచెం ఎక్కువ తెలుసండి. లోపలి లేబుల్ చూసి నకిలీని ఎలా పట్టుకోవాలో చెప్పడానికే ఈ ఉత్తరం, కాస్త పొడుగే అయింది, వీలైతే మొత్తం వేయండి.

కిందటి నెల ఒక కుర్రోడు వచ్చాడు. డిగ్రీ రెండో సంవత్సరం. సెలవుల్లో కడియం వైపు నర్సరీల్లో మొక్కలు లారీకెత్తే పనికెళ్లి డబ్బులు దాచుకుని, ఆ డబ్బులతో టౌన్లో ఒక షాపులో ఇండియా టీమ్ జెర్సీ కొన్నాడు. 1,800 రూపాయలు, ఒరిజినల్ అని చెప్పి ఇచ్చారంట. బిల్లేది నాన్నా అంటే జేబులోంచి చీటీ తీశాడు, దాని మీద టీషర్ట్ 1, 1800 అని పెన్నుతో రాసుంది, షాపు పేరు లేదు, నెంబరు లేదు, ఏమీ లేదు. భుజాలు జారుతున్నాయి బాబాయ్ కొంచెం సరిచెయ్యవా అన్నాడు. సరే అని తిరగేశాను. ఎడమ సైడు కుట్టులో తెల్ల లేబుల్ ఉంది. బయట భుజాల మీదేమో అడిడాస్ వాళ్ల మూడు గీతలు, లోపల లేబుల్ మీదేమో ఆర్ఎన్ 56323 అని, అంటే కంపెనీకి ఇచ్చే రిజిస్టర్ నెంబరు. ఆ నెంబరు నైకీదండి! అడిడాస్ నెంబరు 88387. మెడ దగ్గర స్టాంపు చూస్తే మేడ్ ఇన్ థాయిలాండ్ అని ఉంది, సైడు లేబుల్ మీద మేడ్ ఇన్ వియత్నాం అని ఉంది. బట్ట మొత్తం నున్నటి పాలిస్టర్, ఒక పోగు లాగి అగ్గిపుల్ల చూపిస్తే కాటన్‌లా బూడిదవ్వకుండా కరిగి ముద్దయింది, లేబుల్ మాత్రం నూటికి నూరు శాతం కాటన్ అంటోంది. ఒక్క చొక్కాలో మూడు తప్పులు.

నేను చెప్పేసరికి ఆ కుర్రోడు ఏమీ మాట్లాడలేదు. జెర్సీ నా చేతిలోంచి తీసుకుని నాలుగు మడతలు పెట్టి మళ్లీ కవర్లో పెట్టుకున్నాడు. భుజాలు చేసిస్తాను ఉండు, డబ్బులొద్దు అన్నా వినలేదు. నాకు ఇంకా బాధేసిందేంటంటే, 2023లో అడిడాస్ వాళ్లు ఇండియా జెర్సీ తెచ్చినప్పుడు మామూలు ఫ్యాన్ జెర్సీ 999 రూపాయలకే పెట్టారు, దాని పైన 2,999ది ఒకటి, ఆటగాళ్లు వేసుకునే రకం 4,999ది ఒకటి. అంటే ఆ పిల్లోడు అసలు దానికంటే ఎక్కువ పోసి నకిలీది కొన్నాడు.

తీర్థాల్లో, సంతల్లో 250కి పేరున్న గుర్తేసిన చొక్కా అమ్ముతారు, కొనేవాడికీ అది ఏంటో తెలుసు. అదీ తప్పే, నాకు నచ్చదు, కానీ అక్కడ కొనేవాడు మోసపోవట్లేదు. నా బాధ గ్లాసు తలుపులు ఏసీ పెట్టిన షాపులో, ఒరిజినల్ అని నోటితో చెప్పి, ఒరిజినల్ రేటు తీసుకుని, బిల్లు ఇవ్వకుండా పంపించే వాళ్ల గురించి. గట్టిగా అడిగితే ఫస్ట్ కాపీ, అంటే అచ్చం అసలుదానిలా చేసిన నకలు అంటారు, ఇంకా గట్టిగా అడిగితే తిరుప్పూర్ ఎక్స్‌పోర్ట్ సర్‌ప్లస్ అంటారు. తిరుప్పూర్లో పెద్ద కంపెనీలకి బనీను బట్టలు కుట్టేది నిజమే, మిగిలిపోయిన సరుకు బయటికొచ్చేదీ నిజమే, కానీ నా దగ్గరికొచ్చిన నిజం సర్‌ప్లస్‌లో చాలావాటికి లేబుల్ సగానికి కత్తిరించో, గీత గీసో ఉంటది. మెరిసిపోయే ట్యాగులు, హోలోగ్రామ్, స్పేర్ గుండీ కవరు అన్నీ తగిలించుకుని వచ్చి నేను సర్‌ప్లస్‌ని అంటే నేను నమ్మనండి.

ఇప్పుడు ఆ ఆర్ఎన్ గొడవ ఏంటో చెప్తాను. అమెరికాలో బట్టలమ్మే కంపెనీలకి అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇచ్చే రిజిస్టర్ నెంబరు అది. బట్టకి కాదు, కంపెనీకి ఇచ్చేది. వాళ్ల సైట్లో నెంబరు కొడితే ఏ కంపెనీదో ఊరికే చూపిస్తది, మా అమ్మాయి ఫోన్లో చూపించాక నాకు అలవాటైపోయింది. లేబుల్ మీద దాని పక్కనే సీఏ అని ఇంకో నెంబరుంటే అది కెనడా వాళ్లది. అయితే నెంబరు సరిపోయింది కదా అని ఒరిజినల్ అనుకోకండి, ఎందుకంటే ఆ నెంబరు ఎవడైనా చూసి ప్రింటు కొట్టుకోవచ్చు. తప్పుంటే నకిలీ అని ఒట్టేసి చెప్తాను, ఒప్పుంటే మాత్రం ఒట్టెయ్యలేను. లేబుల్ చదవడంలో ప్రతి దానికీ ఈ మాట గుర్తుపెట్టుకోవాలండి.

అన్నిటికంటే నేను నమ్మేది ఆర్టికల్ నెంబరు, అంటే ఒక్కో మోడల్‌కీ రంగుకీ కంపెనీ విడిగా ఇచ్చే నెంబరు. అడిడాస్ బట్టల్లో అక్షరాలూ అంకెలూ కలిసి ఆరు ఉంటాయి, నైకీలో అయితే ఆరు, ఒక గీత, ఆ తర్వాత మూడు అంకెలు, ఆ చివరి మూడూ రంగుకి సంబంధించినవి. లోపల లేబుల్ మీదున్న నెంబరూ, బయట వేలాడే అట్ట ట్యాగ్ మీదున్న నెంబరూ ఒకటే ఉండాలి. ఆ నెంబరు ఫోన్లో వెతికితే మీ చేతిలో ఉన్న చొక్కాయే, అదే రంగుదే రావాలి. నల్ల ట్రాక్ ప్యాంటు పట్టుకుని వెతికితే ఆడవాళ్ల ఎర్ర జాకెట్టు వస్తే ఇంక మాట్లాడేదేముంది. ఇంకో సులువు చెప్తాను, షాపులో ఉండగానే పక్కన వేలాడే వేరే రంగు చొక్కా కూడా తిరగేసి చూడండి, దాని మీదా అదే నెంబరు ఉంటే పెట్టేసి వచ్చేయండి. నకిలీ కుట్టేవాళ్లు ఒక లేబుల్ వేలల్లో కొట్టించి నీలానికీ తెలుపుకీ ప్యాంటుకీ చొక్కాకీ అన్నిటికీ అదే కుట్టేస్తారు, ఎందుకంటే విడివిడిగా కొట్టించాలంటే వాళ్లకి ఖర్చు.

కుట్టు చూసి చెప్పొచ్చు కదా, నువ్వు టైలర్‌వి కదా అంటారు అందరూ. చూస్తాను. అక్షరం నుంచి అక్షరానికి దారం కత్తిరించకుండా లాక్కుపోయిన ఎంబ్రాయిడరీ, పట్టుకుని లాగే రన్నర్ మీద పేరు లేని జిప్పు, చంకలో పోగులు వదిలేసిన ఓవర్‌లాక్ (అంచు కుట్టు), ఇవన్నీ అనుమానం పుట్టిస్తాయి. కానీ కుట్టుని నేను రెండో సాక్షిగానే తీసుకుంటాను. అసలు కంపెనీ సరుకులో వంకర కుట్లు చూశాను, నకిలీలో నేను కూడా కుట్టలేనంత చక్కటి కుట్లు చూశాను. అవి కుట్టిన చేతులు మంచి చేతులేనండి, ఏ ఊళ్లో ఎంత కూలికి కుట్టారో మరి.

పాతవని చెప్పి అమ్మే మోసం ఒకటి కొత్తగా మొదలైంది. ఫోన్లో ఫోటో పెట్టి 1983 వరల్డ్ కప్ నీలం జెర్సీ అని అమ్ముతున్నారు, మా మేనల్లుడు ఆర్డర్ పెట్టబోతే ఆపాను. 1983లో కపిల్ దేవ్ టీమ్ ఆడింది తెల్ల బట్టల్లో! వరల్డ్ కప్‌కి రంగు బట్టలు వచ్చింది 1992లో. ఇండియా జెర్సీ ఏ కాలందో చెప్పడం నిజానికి పంచాంగం చూసినంత సులువు, గుండెల మీద స్పాన్సర్ పేరు చూస్తే చాలు. సహారా 2013 చివరి దాకా, స్టార్ 2014 నుంచి 2017 దాకా, తర్వాత ఒప్పో, 2019 నుంచి బైజూస్, 2023 నుంచి 2025 దాకా డ్రీమ్ ఎలెవెన్. బట్టలిచ్చింది 2020 దాకా నైకీ, మధ్యలో ఎంపీఎల్, 2023 మొదట్లో కొన్ని నెలలు కిల్లర్, 2023 జూన్ నుంచి అడిడాస్. కాబట్టి మూడు గీతలూ బైజూసూ ఒకే చొక్కా మీద ఉన్నాయంటే అలాంటి చొక్కా టీమ్ ఎప్పుడూ వేసుకోలేదు, నేను అలాంటివి ఇప్పటికి నాలుగైదు చూశాను. వరల్డ్ కప్ మ్యాచుల్లో అయితే గుండెల మీద ఇండియా అనే ఉంటది, స్పాన్సర్ పేరు చేతి మీదకి పోతుంది, 2011 ఫైనల్ జెర్సీ అని చెప్పి గుండెల మీద సహారా అని ఉన్నది ఇస్తే తీసుకోకండి.

మామూలు బట్టలకి కూడా ఇలాగే. మన రూపాయి గుర్తు వచ్చింది 2010 జూలైలో, ధర ముందు ఆ గుర్తున్న ట్యాగ్ పెట్టి ఇది 2004ది అంటే అబద్ధం. లేబుల్ అడ్రసులో ముంబై అని ఉంటే 1995 తర్వాతది, చెన్నై అని ఉంటే 1996 తర్వాతది, బెంగళూరు పేరు ఇంగ్లీషులో కొత్త స్పెల్లింగుతో ఉంటే 2014 నవంబరు ఆ తర్వాత అనుకోవచ్చు. ఊరి పేరు పక్కన పిన్ కోడ్ ఉంటే 1972 ఆగస్టుకి ముందుది అయ్యే అవకాశమే లేదు. ఇక్కడా ఒకవైపే పని చేస్తదండి, బొంబాయి అని ఉంది కదా పాతదే అనకూడదు, కొన్ని కంపెనీలు పాత లేబుళ్లు అయిపోయేదాకా అవే కుట్టాయి.

ఇంకొక్కటి చెప్పాలి. అంబాజీపేట వైపు నుంచి ఒక పెద్దావిడ మనవడిని తీసుకుని వచ్చింది, నీలం జాకెట్టు, తెల్ల గీతలు, జిప్పు కదలట్లేదు. మనవడు ఇది డూప్లికేటు అండి, అడిడాస్ గుర్తు ఇలా ఆకుల్లా ఉండదు, అమ్మమ్మ పారెయ్యనివ్వట్లేదు అన్నాడు. మెడ దగ్గర లేబుల్ ఉతికి ఉతికి గుడ్డ రంగులోకి వచ్చేసింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురుకి అడ్డంగా పట్టి చదివితే మేడ్ ఇన్ వెస్ట్ జర్మనీ అని ఉంది. ఆ మూడాకుల గుర్తు వాళ్లు 1972 నుంచి వాడుతున్నారు. రెండు జర్మనీలు కలిసిపోయింది 1990 అక్టోబర్ 3న, ఆ తర్వాత వెస్ట్ జర్మనీ అని దేశమే లేదు, లేబుల్ ఎక్కడ నుంచి వస్తది. అంటే ఈ జాకెట్టు ఆ మధ్యలో కుట్టింది అయ్యుండాలి అన్నాను. పెద్దావిడ అప్పుడు చెప్పింది, ఆయన కువైట్లో డ్రైవర్‌గా చేసేవారంట, 1990 ఆగస్టులో ఇరాక్ వాళ్లు వచ్చి పడ్డప్పుడు సామానంతా అక్కడే వదిలేసి అమ్మాన్ దాకా పోయి అక్కడ విమానం ఎక్కి బొంబాయిలో దిగారంట, ఇంటికొచ్చేసరికి ఒంటి మీద ఈ జాకెట్టే ఉందంట. లేబుల్ చెప్పిందీ ఆవిడ చెప్పిందీ ఒకదానికొకటి సరిపోయాయి. జిప్పు మార్చలేదు, రన్నర్ ఒక్కటే కొత్తది వేసి, పళ్లకి కొంచెం మైనం రాసి ఇచ్చాను. ఆ మనవడు వెళ్తూ వెళ్తూ దాన్ని వేసుకునే వెళ్లాడు.

అందుకే నా దగ్గరికొచ్చి లేబుల్ మెడకి గుచ్చుకుంటోంది కత్తిరించెయ్యమంటే నేను కత్తిరించను. కుట్టు విప్పి కవర్లో పెట్టి చేతికిస్తాను, బీరువాలో పెట్టుకోమంటాను.

మీ పేపర్ ద్వారా అడిగేదేంటంటే, ప్యాక్ చేసి అమ్మే బట్టల మీద తయారుచేసినవాళ్లదో దిగుమతి చేసినవాళ్లదో పేరు అడ్రస్, నెల సంవత్సరం, ఎమ్మార్పీ ఉండాలని రూలుంది, ట్రేడ్ మార్క్స్ చట్టం 1999లో 104వ సెక్షన్ ప్రకారం నకిలీ గుర్తున్న సరుకు అమ్మితే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉంది. ఇవి షాపులవాళ్లకి తెలుసు, కొనేవాళ్లకే తెలీదు. తూనికలు కొలతల శాఖ వాళ్లు ఈ డెల్టాలో రాజమండ్రి, అమలాపురం, భీమవరం, పాలకొల్లు, తణుకు టౌన్లలో పండగ ముందు ఒకసారి స్పోర్ట్స్ షాపులు చూడాలి, బిల్లు లేకుండా అమ్మితే అడగాలి. మోసపోయినవాళ్లు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి చెప్పొచ్చు, కానీ బిల్లు లేకపోతే ఎక్కడ కొన్నావంటే ఏం చూపిస్తారు, కాబట్టి షాపు పేరున్న బిల్లు అడిగి తీసుకోండి, ఇవ్వనంటే చొక్కా అక్కడే వదిలేయండి.

సంక్రాంతికి మన ఊళ్లలో కబడ్డీ, వాలీబాల్ టీములు పదేసి పన్నెండేసి జెర్సీలు కలిపి కొంటాయి, కుర్రోళ్లు అప్పటికే చందాలు వేసుకోవడం మొదలుపెడతారు. ఆ కొనుగోళ్లకి ముందే ఈ ఉత్తరం వేస్తే బాగుంటదండి.

ఇట్లు,
ఒక టైలరు, రావులపాలెం