సోషల్ వర్క్ చదువంటే అంత చులకనా?

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

డిగ్రీ తరువాత ఏం చదవాలో పిల్లలకు, తల్లిదండ్రులకు వివరిస్తూ ఈ మధ్య మీ చెన్నై అనుబంధంలో ప్రచురించిన పూర్తి పుట వ్యాసాన్ని వచ్చిన రోజే చదివాను. కోపం తగ్గాక రాద్దామని ఇన్నాళ్లు ఆగాను గానీ, తగ్గే సూచనలేవీ కనిపించనందువల్ల ఇప్పుడు రాస్తున్నాను. ఎం.బి.ఎ.కు, డేటా సైన్సుకు, విదేశీ చదువులకు ఉదారంగా చోటు పంచిపెట్టిన వ్యాసకర్త చిట్టచివర మిగిలిన రెండు పంక్తుల్లో ఎం.ఎస్.డబ్ల్యూ.ను, అంటే సోషల్ వర్క్‌లో పీజీ కోర్సును, ప్రస్తావించి, ఓపిక, సేవాగుణం ఉన్న అమ్మాయిలకు ఇది అనువైన తేలిక కోర్సు అని తేల్చిపారేశారు. మగపిల్లలకు ఓపిక అక్కరలేదన్న తీర్పు కూడా అందులోనే ఇమిడి ఉంది కాబోలు!

ఆ తేలిక కోర్సులో చేరినవారు వారానికి సుమారు రెండు రోజులు తరగతి గదిలో ఉండరు. ప్రభుత్వ ఆసుపత్రి, పాఠశాల, బాలల గృహం, కర్మాగారం, లేదా నగరం నడిబొడ్డు నుంచి ఖాళీ చేయించి తరలించిన కుటుంబాలతో నిండిన కణ్ణగి నగర్, పెరుంబాక్కం వంటి కాలనీ, ఎక్కడ వేస్తే అక్కడికి ఫీల్డ్ వర్క్‌కు వెళ్లాలి. తిరిగి వచ్చాక ఎవరితో ఏం మాట్లాడిందీ, అవతలివారు ఏం చెప్పిందీ, ఏం చెప్పకుండా దాచిందీ రిపోర్టు రాయాలి. దానిని సూపర్‌వైజర్ ముందు పెట్టి, ఆ ప్రశ్న ఎందుకు అడిగావు, ఈ ప్రశ్న ఎందుకు అడగలేదు అన్న నిలదీతకు జవాబు చెప్పుకోవాలి. ఇది కాక రూరల్ క్యాంపు, పరిశోధన, ఏడాది చివర వైవా ఉంటాయి. నేను సంక్షేమాధికారిగా పనిచేసిన కర్మాగారానికి ఏటా ఇద్దరు ముగ్గురు విద్యార్థులు ఇలా వచ్చేవారు. మొదట్లో నోటుపుస్తకం పట్టుకుని క్యాంటీన్ దగ్గర బెరుకుగా నిలబడిన పిల్లలే, సంవత్సరం తిరిగేసరికి ప్రమాదంలో చనిపోయిన కార్మికుడి భార్య పక్కన కూర్చుని, ఆమె ఏడుపు ఆగేదాకా ఆగి, ఇ.ఎస్.ఐ. (కార్మికుల బీమా) నుంచి ఆమెకు నెలనెలా రావలసిన డబ్బుకు ఏయే కాగితాలు కావాలో నిదానంగా వివరించగలిగేవారు. పుట్టుకతో వచ్చిన ఓపిక ఒక్కటే ఆ పనికి సరిపోయేదైతే మా సెక్షన్ గుమాస్తాలందరూ ఎప్పుడో చేసి ఉండేవారు.

మరీ బాధ కలిగించిన విషయమేమిటంటే, ఈ మాట చెన్నైలో, అందునా తెలుగు పత్రికలో రావడం. 1936లో బొంబాయిలో టాటా సంస్థ (నేటి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) ఈ చదువును ప్రారంభిస్తే, 1952లో మేరీ క్లబ్‌వాలా జాదవ్ చొరవతో ఈ నగరంలో మద్రాస్ స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్ ఏర్పడింది. అంతకు చాలా ముందే, 1937లో, రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయమ్మ (దుర్గాబాయి దేశ్‌ముఖ్) ఇక్కడే ఆంధ్ర మహిళా సభను స్థాపించారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యారు. ఆమె సంస్థ ఆవరణల ముందు నుంచి రోజూ బస్సుల్లో వెళ్లే మనకు ఆమె పేరు తెలుసు, ఆమె పని ఏమిటో మాత్రం తెలియదు. ఆపదలో ఉన్న పిల్లల కోసం దేశమంతా వాడుకలోకి వచ్చిన 1098 నంబరు కూడా 1996లో టాటా సంస్థ చేపట్టిన ఒక క్షేత్ర ప్రాజెక్టుగానే బొంబాయిలో మొదలైందని వ్యాసకర్త ఒక్క వాక్యం రాసి ఉంటే, చదివిన పిల్లల్లో ఒకరిద్దరైనా తల ఎత్తి చూసేవారు.

ఈ నగరంలో తెలుగు వచ్చిన సోషల్ వర్కర్ల అవసరం ఎంతటిదో మీ పత్రికకు నేను చెప్పవలసి రావడం విచిత్రమే. పారిశుద్ధ్య కార్మికుల్లో తరతరాలుగా ఇంట్లో తెలుగే మాట్లాడుకునే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి వైద్యం కోసం రైలు దిగి, తమిళ బోర్డులు చదవలేక, ఎవరిని అడగాలో తెలియక ఆసుపత్రి వరండాల్లో తిరిగేవారు నిత్యం కనిపిస్తారు. 2014 జూన్ 28న చెన్నై శివారు మౌలివాక్కంలో పదకొండు అంతస్తుల భవనం కూలి 61 మంది మరణించినప్పుడు, వారిలో చాలామంది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి కూలికి వచ్చినవారే. అయినవారి శవాన్ని గుర్తుపట్టడానికి అంత దూరం నుంచి వచ్చిన మనిషితో ఆ మనిషి భాషలో మాట్లాడడానికి, పరిహారం కాగితాల మీద వేలిముద్ర వేసే ముందు అందులో ఏముందో చెప్పడానికి శిక్షణ పొందినవారు ఉండాలా, అక్కరలేదా? మన పిల్లలు ఈ చదువుకు రాకపోతే ఆ పని చేసేవారు ఎక్కడి నుంచి ఊడిపడతారు?

వ్యాసకర్తను ఒక్కరినే తప్పుపట్టి లాభం లేదని ఒప్పుకుంటాను, ఎందుకంటే ప్రభుత్వాల వరస అంతకంటే ఘనంగా ఉంది. ఎం.ఎస్.డబ్ల్యూ. మీద మరో రెండేళ్లు ఎం.ఫిల్. చేసినవారినే సైకియాట్రిక్ సోషల్ వర్కరుగా గుర్తిస్తామని 2017 మానసిక ఆరోగ్య చట్టం నిర్వచించింది. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ వంటి చోట్ల చదవవలసిన ఆ ఎం.ఫిల్.కు సీట్లు ఎన్ని ఉండేవో ప్రయత్నించినవారిని అడిగితే తెలుస్తుంది. బాలల సంక్షేమ సమితుల సభ్యుల అర్హతల్లో 2015 బాల న్యాయ చట్టం సోషల్ వర్క్ డిగ్రీని పేర్కొంది. ఐదు వందల మంది కార్మికులున్న కర్మాగారానికి సంక్షేమాధికారి ఉండి తీరాలని 1948లోనే ఫ్యాక్టరీల చట్టం శాసించింది. చట్టం రాసేటప్పుడు గుర్తుకు వచ్చే ఈ మనిషి, జీతం ఇచ్చేటప్పుడు మాత్రం ఎవరికీ గుర్తుకు రాడు. జిల్లా బాలల సంరక్షణ విభాగాల్లో సోషల్ వర్కర్ల నియామకం కాంట్రాక్టు పద్ధతిలోనే జరుగుతుంది. ఏడాదికోసారి పొడిగింపు కోసం ఎదురుచూసే ఉద్యోగి అనాథ బిడ్డకు భరోసా ఇవ్వాలట! న్యాయవాదికి బార్ కౌన్సిల్, వైద్యుడికి మెడికల్ కమిషన్ ఉన్నట్టుగా సోషల్ వర్క్ వృత్తి మొత్తానికి ఒక జాతీయ మండలి నేటికీ లేదు. అందుకే జెండా పట్టుకుని అన్నదానం ఫొటో దిగిన ప్రతివారూ సామాజిక కార్యకర్తలుగా చలామణి అవుతున్నారు.

ఫలితం ఏమిటంటే, బస్తీల్లో పనిచేయాలని చేరిన పిల్లలు కూడా రెండో ఏడాదికల్లా ఇంటి అప్పు, కాంట్రాక్టు జీతం లెక్క వేసుకుని అదే కోర్సులోని హెచ్.ఆర్. (కంపెనీ సిబ్బంది వ్యవహారాల) స్పెషలైజేషన్ వైపు మళ్లుతున్నారు. వారిని నేను తప్పుపట్టను. లాభాల్లో రెండు శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు చేయాలని 2013 కంపెనీల చట్టం పెద్ద సంస్థలకు చెప్పాక పరిస్థితి మారుతుందని ఆశపడిన వారిలో నేనూ ఒకడిని. ఆ డబ్బుతో నడిచే విభాగాల్లోనూ బస్తీ తెలిసినవారికంటే ప్రెజెంటేషన్ తెలిసినవారికే పెద్దపీట. ఇక ఫీల్డ్ వర్క్ పేరిట ఒక సంస్థ ముద్ర, ఒక సంతకం సంపాదించి పెట్టి డిగ్రీ చేతికిప్పిస్తామనే కేంద్రాల సంగతి చెప్పనే అక్కరలేదు. ఆ చదువు ఈత పుస్తకం బట్టీపట్టి బావిలో దూకడం వంటిదే.

కాబట్టి నా విన్నపం ఇది. వచ్చే అనుబంధంలో ఈ చదువుకు కనీసం అర పుట కేటాయించండి. ఏ కళాశాలలో ఫీజు ఎంత, ఫీల్డ్ వర్క్‌కు ఎక్కడెక్కడికి పంపుతారు, ఒక్కో సూపర్‌వైజర్ కింద ఎంతమంది విద్యార్థులు ఉంటారు, చదివినవారు ఇప్పుడు ఎక్కడ ఏ జీతానికి పనిచేస్తున్నారు అన్న వివరాలను మీ విలేకరి స్వయంగా వెళ్లి కనుక్కుని రాయాలి. తెలుగు వచ్చిన సోషల్ వర్కర్లు నగరంలోని ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఎందరున్నారో సంబంధిత శాఖను అడిగి, వారు చెప్పిన జవాబును, చెప్పకపోతే చెప్పలేదన్న సంగతిని, అదే పుటలో అచ్చువేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత కార్మిక సంక్షేమాధికారి,
పెరంబూర్, చెన్నై.