సంక్రాంతి ముగ్గుల తెర: జమా ఖర్చుల వివరణ

చందాదారులకు నమస్కారం. రాయగడలో సంక్రాంతికి ప్రొజెక్టరుతో ముగ్గులు చూపించడానికి మనం ఏర్పాటు చేసిన తెర లెక్క ఇది. మన చుక్కల ముగ్గుల పక్కనే ఒడియా ఇళ్లలో వేసే ఝోటిని కూడా చూపించాం కాబట్టి చందా ఇచ్చిన ఒడియా మిత్రులకూ ఇదే జవాబు.

జమ: గత ఏడాది నిల్వ రూ.3,240. రాయగడ, గుణుపురంలో రసీదులపై వసూలైనది రూ.31,500. పర్లాకిమిడి నుంచి రూ.6,000. ఉద్యోగాల మీద విశాఖపట్నం వెళ్లిన మన పిల్లలు పంపినది రూ.9,000. మొత్తం రూ.49,740.

ఖర్చు: విశాఖలో కొని రైల్లో తెచ్చిన పాత లాప్‌టాప్ రూ.14,500. ప్రొజెక్టరు అద్దె రూ.8,000. తెర గుడ్డ, వెదుళ్లు, కట్టుబడి కూలి రూ.4,350. రసీదు పుస్తకాలు, ఫ్లెక్సీ రూ.1,100. రైలు చార్జీలు, టీ, టిఫిన్లు రూ.2,890 (తిన్నవాళ్లు ఎక్కువమంది కావడం వల్లనేమో, ఈ పద్దు మీద ఎవరూ ప్రశ్న వేయలేదు). ప్రీప్రాసెసర్ (ముగ్గుల కోడ్ ఫైళ్లను కలిపి సిద్ధం చేసే ప్రోగ్రాము) రాసిన ఇద్దరు విద్యార్థులకు గౌరవ వేతనం రూ.12,000. మొత్తం రూ.42,840.

ప్రశ్నలన్నీ ఆఖరి పద్దు మీదే వచ్చాయి. తెర మీద కనిపించని పనికి పన్నెండు వేలా అని అడిగారు. డబ్బు మీది, అడగవలసిందే.

తెర మీద ప్రతి బిందువుకూ రంగు లెక్కగట్టేది గ్రాఫిక్స్ చిప్‌లో నడిచే షేడర్ అనే చిన్న ప్రోగ్రాము. దాన్ని రాసే భాష జీఎల్‌ఎస్‌ఎల్. 2004లో ఓపెన్‌జీఎల్ అనే గ్రాఫిక్స్ ప్రమాణం 2.0 వర్షన్‌తో అది అందులో చేరింది. అందులో డిఫైన్, ఇఫ్‌డెఫ్, వర్షన్, లైన్ వంటి ఆదేశాలున్నాయి కానీ, ఒక ఫైలులోకి మరో ఫైలును తెచ్చే ఇన్‌క్లూడ్ మూల భాషలో లేదు. మన తెర నడిచేది బ్రౌజరులో, అక్కడి గ్రాఫిక్స్ ఏర్పాటైన వెబ్‌జీఎల్ మీద. అక్కడ ఇన్‌క్లూడ్‌ను అదనంగా చేర్చే ఎక్స్‌టెన్షన్ కూడా లేదు. అందుకే చుక్కలు పరిచే ఫంక్షన్‌ను ప్రతి ముగ్గు ఫైలులోనూ విడిగా అతికించుకోవలసి వచ్చింది. ఒకచోట చుక్క పెద్దది చేస్తే మిగతా ముగ్గుల్లో పాత చుక్కే ఉండిపోయేది. ఆ అతికింపును తనంతట తాను చేసేదే ఈ ప్రీప్రాసెసర్.

ఉచితంగా దొరికే సీ భాష ప్రీప్రాసెసర్ చాలదా అని ఒక పెద్దాయన అడిగారు. మంచి ప్రశ్న. ఉచిత సీ కంపైలరు జీసీసీకి, కోడ్ ఏ వర్షన్‌దో చెప్పే వర్షన్ ఆదేశం తెలియదు, తప్పని ఆగిపోతుంది. పైగా ఇఫ్ షరతులో నిర్వచించని పేరు వస్తే సీ భాష దాన్ని సున్నా అనుకుంటుంది, జీఎల్‌ఎస్‌ఎల్ తప్పంటుంది.

అతికించడం ఒక పూట పని. అసలు శ్రమ తప్పు ఎక్కడుందో సరిగా చెప్పించడంలో ఉంది. అన్నీ అతికాక గ్రాఫిక్స్ డ్రైవరు తప్పు ఉందని చూపే వరుస సంఖ్య ఏ ఫైలులోనూ దొరకదు. అందుకే ప్రతి అతుకు దగ్గరా, ఇక్కడి నుంచి ఏ ఫైలు, ఎన్నో వరుస అని చెప్పే లైన్ ఆదేశం పెట్టాలి. అందులో ఫైలు పేరు రాయడానికి వీల్లేదు, అంకె మాత్రమే. ఏ అంకె ఏ ఫైలుదో మన ప్రోగ్రామే పట్టిక ఉంచుకుంటుంది. ఇంకో చిక్కు: లైన్ 17 అని రాస్తే, వెబ్‌జీఎల్ వాడే జీఎల్‌ఎస్‌ఎల్ ఇఎస్ భాషలో 3.00 వర్షన్ తర్వాతి వరుసను 17గానే లెక్కిస్తుంది, పాత 1.00 వర్షన్ మాత్రం 18 అంటుంది. మన దగ్గర రెండు రకాల యంత్రాలూ ఉన్నాయి కాబట్టి, పైన ఉన్న వర్షన్ చూసి అంకె మార్చేలా రాశారు. ఆ వర్షన్ వరుస కూడా 3.00లో మొట్టమొదటి వరుసలోనే ఉండాలి, 1.00లో వ్యాఖ్యలు (కోడ్ పక్కన మనుషుల కోసం రాసే వివరణలు), ఖాళీలు తప్ప దేని తర్వాతా రాకూడదు. ఫైలు రెండుసార్లు వస్తే ఫంక్షన్ రెండుసార్లు నిర్వచించినట్టవుతుంది కనుక రెండోదాన్ని వదిలేస్తుంది.

నాకు నచ్చింది వ్యాఖ్యల పని. పిల్లలు కోడ్ పక్కన తెలుగులో, ఒడియాలో వివరాలు రాసుకున్నారు. 1.00 నియమాల్లో ఆస్కీ అక్షరాలకే (ఇంగ్లిషు అక్షరాలు, అంకెలు, గుర్తులు) చోటు. మన ప్రోగ్రాము వ్యాఖ్యలను ముందే తీసేస్తుంది, వరుస విరుపులను మాత్రం అలాగే ఉంచుతుంది. అంచేత అంకెలు చెదరవు.

నిల్వ రూ.6,900 కమిటీ ఖాతాలో ఉంది. కరెంటు బిల్లు ఇంకా రాలేదు, ఇందులోంచే కడతాం. రసీదులు, బిల్లులు ఆదివారం ఉదయం కోశాధికారి ఇంట్లో చూడవచ్చు.