సుగ్గి బండి కదలకముందే హాస్టల్ తెరవండి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం.

కర్నూలు జిల్లా పడమటి మండలాల నుంచి రాస్తున్నాను. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం వైపు దసరా దాటాక ఏ ఊరికి వచ్చినా తాళాలేసిన ఇళ్లు కనిపిస్తాయి. జనం సుగ్గికి, అంటే కోతల కాలపు వలస కూలికి, పోతారు. ముందు పత్తి తీయడానికి, ఆ తర్వాత మిరప కోతలకు గుంటూరు, పల్నాడు, తెలంగాణ దాకా. మళ్లీ ఊరు నిండేది ఉగాదికే. ఈ నెలలన్నీ బడి జరిగే నెలలే.

ఈ పిల్లలు బడి ఎగ్గొడుతున్నారు అనడం అన్యాయం. ఐదో తరగతి ఆడపిల్లను తల్లి వెంట ఎందుకు తీసుకుపోతుంది? చంటిబిడ్డను చూసుకునే మనిషి కావాలి కాబట్టి. చేను గట్టున చీరతో కట్టిన ఊయల పక్కన ఆ పిల్ల పొద్దుగూకేదాకా కూర్చుంటుంది. కాస్త పెద్దవాళ్లయితే మిరపకాయలు కోస్తారు. ఆ చెయ్యి కంటికి తగిలిందా, ఇక మంట ఆగదు. కిలోల లెక్కన కూలి ఇచ్చే చోట పిల్లల చేతులు కూడా లెక్కలోకి వస్తాయి. ఇంట్లో వదిలి వెళ్దామంటే అవ్వ కూడా అదే బండి ఎక్కుతుంది.

తల్లికి వందనం డబ్బుకు 75 శాతం హాజరు ఉండాలన్న షరతు మంచిదే. కానీ కూలీలను పనికి తీసుకెళ్లే మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని అప్పు కట్టేసిన ఇల్లు, ఏడాదికోసారి పడే డబ్బు కోసం ఆగలేదు.

వలస కుటుంబాల పిల్లల కోసం సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ బడుల పథకంలో సీజనల్ హాస్టళ్లకు వీలుంది. బడిలోనే పడక, పూటపూటకూ తిండి, కనిపెట్టుకుని ఉండే మనిషి. ఇంతకంటే మంచి ఉపాయం నాకు తెలియదు. నా టెన్షనంతా తేదీ గురించే. బండి వెళ్లిపోయాక హాస్టల్ తెరిస్తే అందులో చేరేదెవరు?

అందుకే ఆగస్టులోనే మంజూరు ఇవ్వండి. ఏ ఇల్లు సుగ్గికి పోతుందో ఊళ్లో టీచర్‌కూ, కొన్ని బడులను చూసుకునే సీఆర్పీకీ (క్లస్టర్ రిసోర్స్ పర్సన్) ముందే తెలుసు, సెప్టెంబరులో ఇంటింటికీ తిరిగి పేర్లు రాయించండి. ఆడపిల్లల దగ్గర రాత్రిపూట తప్పకుండా ఒక మహిళ ఉండాలి. బిడ్డ పడుకునే గదినీ, ఆ మనిషినీ తల్లులకు ముందే చూపించండి. కళ్లతో చూస్తే గానీ ఏ తల్లీ వదిలి వెళ్లదు. వారానికోసారి బిడ్డతో ఫోన్‌లో మాట్లాడించండి.

అయినా కొందరు పిల్లలు వెంట వెళ్తారు. 2010 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం టీసీ రావడం ఆలస్యమైందని ఏ ప్రభుత్వ బడీ వాళ్లను చేర్చుకోనని అనకూడదు. ఇక్కడి ఎంఈఓ (మండల విద్యాధికారి) అక్కడి ఎంఈఓకు పేర్ల జాబితా పంపితే, వాళ్లు చేలకు వెళ్లి పిల్లల్ని దగ్గరి బడికి తీసుకెళ్లొచ్చు. ఉగాదికి తిరిగొచ్చాక ఇక్కడ వాళ్ల పేరు రిజిస్టరులో కొట్టేసి ఉండకూడదు.

ఈసారి దసరా సెలవులు ఇచ్చేనాటికే హాస్టళ్ల తాళాలు హెడ్మాస్టర్ల చేతికి అందేలా ఆదేశాలివ్వమని వేడుకుంటున్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచర్,
కర్నూలు జిల్లా