ర్యాంపు మీద నునుపు రాయి వద్దు నాన్నా

హాలిఫాక్స్, కెనడా
జనవరి

నాన్నా,

నేను, మీ అల్లుడు క్షేమం. నూర్పులు అయిపోయాయని అమ్మ చెప్పింది, సంతోషం.

ఇంటి ముందు మెట్లు పగలగొట్టించి, ర్యాంపుకి తాడు కట్టి గుర్తులు పెట్టించావని తమ్ముడు వీడియోలో చూపించాడు. దాని మీద పాలిష్ గ్రానైట్ వేయిస్తావట. మామ్మ కోసం, నీ స్కూటర్ కోసం ఆలోచించి చేస్తున్న పనే, కాదనను. కానీ ఆ వాలు చూసి, రాయి మాట విన్నాక నాకు టెన్షన్ పట్టుకుంది. ఫోన్లో అయితే మాటల్లో మాట కలిసిపోతుందని రాస్తున్నాను. మేస్త్రీకి కూడా చదివి వినిపించు.

మన వరండా ఎత్తు అడుగున్నర. మేస్త్రీ 6 అడుగుల్లో ముగించేద్దామంటున్నాడు. అంటే 4 అడుగులకి 1 అడుగు లేస్తుంది. వాలు మీద ఉన్న దేని బరువైనా రెండుగా పంచుకుపోతుంది. కొంత కిందికి లాగుతుంది, కొంత నేలని నొక్కుతుంది. జారకుండా ఆపే ఘర్షణ ఆ నొక్కుడు వల్లే వస్తుంది. వాలు పెరిగేకొద్దీ లాగుడు పెరుగుతుంది, నొక్కుడు తగ్గుతుంది, దాంతో పట్టూ తగ్గుతుంది. మామ్మ 48 కేజీలు ఉంటుందనుకో. మేస్త్రీ చెప్పిన వాలులో దాదాపు 12 కేజీల బరువు ఆవిడని కిందికి లాగుతూ ఉంటుంది. 12 అడుగులకి 1 అడుగు చొప్పున లేపితే ఆ లాగుడు 4 కేజీలే. మన దేశంలో వీల్‌చైర్ల కోసం కట్టే ర్యాంపులకి చెప్పే కొలత కూడా ఇదే. మనకి 18 అడుగులు కావాలి. వాకిట్లో నేరుగా అంత చోటు లేదు గానీ, తూర్పు గోడ వెంట తిప్పితే సరిపోతుంది, జామచెట్టు కొట్టక్కర్లేదు.

స్కూటర్ బరువైనదే కదా, దానంతటది నిలబడుతుంది అన్నావట. బరువు వల్ల కలిసొచ్చేదేమీ లేదు నాన్నా. బరువు రెట్టింపైతే పట్టు రెట్టింపవుతుంది, లాగుడూ రెట్టింపవుతుంది, చెల్లుకి చెల్లు. నువ్వు ఏటా కళ్ళంలో చూసేదే ఇది. ఒక బస్తా ధాన్యం పోసినా, పది బస్తాలు పోసినా కుప్ప పక్కల వాలు ఒక్కలాగే ఉంటుంది. ఇంకా పోస్తే కుప్ప పెరుగుతుంది గానీ నిటారుగా నిలబడదు. గింజల మధ్య ఒరిపిడి ఎంత వాలు దాకా ఆపగలదో అంతే.

రాయి సంగతి నా మాట మీద నమ్మొద్దు, మీరే చూడండి. తమ్ముడికి ఇంటర్ ఫిజిక్స్‌లో ఈ పాఠం ఉంది, వాడి చేత చేయించు. షాపులో రెండడుగుల పాలిష్ ముక్క ఒకటి అడిగి తీసుకోండి. దాని మీద మామ్మ రబ్బరు చెప్పు పెట్టి, ఒక అంచు మెల్లగా పైకెత్తండి. చెప్పు కదిలిన క్షణాన ఆపి, లేచిన అంచు నేల నుంచి ఎంత ఎత్తుందో, దాని సూటి కింద నుంచి రెండో అంచు దాకా నేల మీద ఎంత దూరమో టేపుతో కొలవండి. ఎత్తుని ఆ దూరంతో భాగిస్తే వచ్చేదే ఘర్షణ గుణకం, అంటే ఆ రాయి మీద చెప్పుకి ఎంత పట్టుందో చెప్పే అంకె. చెప్పులో ఇటుక పెట్టి మళ్ళీ చూడండి, ఇంచుమించు అంతే వస్తుంది. రబ్బరుకి ఈ సూత్రం అచ్చంగా పట్టదు, అందుకే కాస్త తేడా ఉండొచ్చు. తర్వాత రాయి మీద నీళ్ళు పోసి, సబ్బు నురగ కూడా వేసి చూడండి. అమ్మ రోజూ వరండా కడిగిన నీళ్ళు పోయేది ఆ ర్యాంపు మీద నుంచే కదా!

ఇంకొకటి గమనించమను. చెప్పు ఒకసారి జారడం మొదలెడితే ఆ వాలులో ఇక ఆగదు, రాయిని బాగా కిందికి దించితే గానీ ఆగదు. కదలకుండా ఉన్నప్పటి పట్టు కంటే జారుతున్నప్పటి పట్టు తక్కువ. కాలు జారిన పెద్దవాళ్ళు తమాయించుకోలేకపోవడానికి ఇదీ ఒక కారణం. నా భయమంతా ఇక్కడే ఉంది.

ఇక్కడ సిటాడెల్ కొండ నుంచి హార్బర్ వైపు వీధులన్నీ దిగుడే. మంచు గడ్డకడితే ఉప్పు చల్లుతారు, మంచు కరుగుతుంది. చలి మరీ ముదిరితే ఉప్పు పనిచేయదు, అప్పుడు ఇసుక చల్లుతారు. ఇసుక దేన్నీ కరిగించదు, కాలికి గరుకు ఇస్తుంది, అంతే. ఆ గరుకుతోనే జనం నడిచిపోతారు.

మనకీ కావాల్సింది గరుకే. సిమెంటు పచ్చిగా ఉన్నప్పుడు గట్టి చీపురుతో గీతలు లాగించు. గీతలు వాలుకి అడ్డంగా ఉండాలి, నిలువుగా లాగితే పట్టు అంతగా రాదు. నీళ్ళు ఆ సందుల్లోకి దిగిపోతాయి, చెప్పు అడుగు గట్లని పట్టుకుంటుంది. నునుపు రాయి మీద నీళ్ళు పోయే దారి లేక, చెప్పుకీ రాయికీ మధ్య పొరలా నిలిచిపోతాయి. టెక్కలి గ్రానైట్ అంటే నాకూ ఇష్టమే, ఆ నీలం రాయి వరండా గోడకి వేయించు, ఎంతో బాగుంటుంది. ర్యాంపుకి కూడా రాయే కావాలంటే మంటతో కాల్చి గరుకు చేసినది అడుగు. పక్కన చేయి ఆన్చుకోవడానికి పైపు తప్పనిసరి.

స్కూటర్ మీద ఎక్కుతూ మధ్యలో ఆగాల్సి వస్తే ఎడమ చేతి బ్రేకు పట్టుకో, వెనక చక్రానిది. ఎక్కేటప్పుడు బరువు వెనక చక్రం మీదికి పోతుంది. ముందు చక్రం తేలికవుతుంది కాబట్టి ఒక్క దాని బ్రేకే పడితే చక్రం తిరగకపోయినా జారుతుంది.

పొడుగు పెరిగితే ఖర్చు పెరుగుతుందని మేస్త్రీ అంటాడు. ఆ తేడా నేను పంపిస్తాను, బేరం పెట్టుకోవద్దు. రాయికి అడ్వాన్సు ఇచ్చేలోగా తడి మీద వచ్చిన అంకె నాకు వాట్సాప్ చేయమని తమ్ముడితో చెప్పు. మామ్మకి, అమ్మకి నా దండాలు.

ఇట్లు,
నీ పెద్దమ్మాయి