మంత్రి గారూ, రోడ్డు మరణాలకూ ఒక బులెటిన్ ఇవ్వండి

తెలంగాణ రాష్ట్ర రవాణా శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నేను రోజూ ఉప్పల్ నుంచి హబ్సిగూడ, తార్నాక, మెట్టుగూడ మీదుగా సికింద్రాబాద్‌కు స్కూటీ మీద వెళ్లివస్తాను. పదేళ్లు దాటింది, ఇదే దారి. ఏ మలుపులో గుంత ఉందో, ఏ యూటర్న్ దగ్గర ఎదురు బండ్లు వస్తాయో కళ్లు మూసుకుని చెప్పగలను. కానీ ఈ ఉత్తరం మా పిన్ని కొడుకు గురించి రాస్తున్నాను. పేరు రాయను, తమ్ముడు అనే అంటాను.

2020 మార్చి 2న మన రాష్ట్రంలో తొలి కరోనా కేసు బయటపడింది. ఆ తర్వాత నెలల తరబడి ఆరోగ్య శాఖ బులెటిన్ కోసం ఎలా ఎదురుచూశామో మీకూ గుర్తుండే ఉంటుంది. తమ్ముడు రోజూ ఫోన్‌లో దాన్ని తెరిచి పిన్నికి చదివి వినిపించేవాడు. కొత్త కేసులు ఎన్ని, జీహెచ్‌ఎంసీలో ఎన్ని, మేడ్చల్‌లో ఎన్ని, రంగారెడ్డిలో ఎన్ని, పోయినవాళ్లు ఎంతమంది. మన వైపు అంకె పెరిగిందంటే పిన్ని కూరగాయలకు కూడా ఎవరినీ బయటికి పంపేది కాదు. మొదట్లో ఆ బులెటిన్ అరకొరగా ఉండేది. హైకోర్టు గట్టిగా నిలదీశాక ఏ ఆస్పత్రిలో ఎన్ని పడకలు ఖాళీగా ఉన్నాయో కూడా అందులో చేరింది. పేజీలు పెరిగే కొద్దీ మా ఇంట్లో దాని మీద నమ్మకమూ పెరిగింది.

2021 ఏప్రిల్, మే నెలల్లో తమ్ముడు రెండు మాస్కులు పెట్టుకుని తిరిగాడు. ఒకటి సర్జికల్, దాని మీద గుడ్డది. ఇంటికి రాగానే గుమ్మం దగ్గరే చేతులు కడుక్కునేవాడు. నా మాస్కు కాస్త జారితే చాలు, "అక్కా, ముక్కు కనపడుతోంది, పైకి లాక్కో" అనేవాడు. ఎవరూ చలానా వేస్తారని కాదు. రోజూ చదివిన అంకెలు వాడి మనసులో నిలిచిపోయాయి, అంతే.

అదే తమ్ముడు హెల్మెట్‌ను మాత్రం బండి అద్దానికి తగిలించి తిరిగేవాడు. "ఇక్కడికే కదా అక్కా" అనేవాడు. మన ఊళ్లో సగం మంది నోట ఈ మాట వినిపిస్తుంది. పాలకే కదా, టిఫిన్‌కే కదా, పిల్లను స్కూల్లో దించడానికే కదా.

వాడికి హెల్మెట్ చలానాలు వచ్చేవి. చౌరస్తాలో ఎవరో ఫొటో తీస్తారు, కొన్ని రోజులకు మెసేజ్ వస్తుంది. వాడు నవ్వి పక్కన పెట్టేవాడు. 2022 మార్చిలో పెండింగ్ చలానాల మీద ప్రభుత్వం రాయితీ ఇచ్చింది. టూవీలర్లకు 25 శాతం కడితే చాలు, మిగతా 75 శాతం మాఫీ. అదే రాయితీలో, మాస్కు లేనందుకు వేసిన వెయ్యి రూపాయల జరిమానాను నూరు రూపాయలకు తగ్గించారు. "అక్కా, ఆఫర్ నడుస్తోంది, నీ బండి మీద ఉంటే నీవీ కట్టేస్తా" అని నాకు ఫోన్ చేసి చెప్పాడు. ఆఫర్ అనే మాటే వాడాడు. పండగకు బట్టల షాపులో ఇచ్చే తగ్గింపులాగే వాడికి అదీ కనపడింది. వాడి తప్పు లేదని అనను. కానీ తలకు దెబ్బ తగలకుండా చూడడానికి వేసిన జరిమానా, నెల రోజుల తగ్గింపు ధరగా వాడికి అర్థమైంది. దాన్ని మనమే అలా అర్థమయ్యేలా చేశాం.

2022 నవంబరులో ఒక రాత్రి, ఇంటికి రెండు కిలోమీటర్ల దూరంలో, డివైడర్‌ను తగిలి పడిపోయాడు. ఒంటి మీద పెద్ద గాయాలేమీ లేవు. చేయి గీసుకుపోయింది, మోకాలు చిట్లింది. తలకు తగిలిన దెబ్బతోనే నాలుగో రోజు పోయాడు. హెల్మెట్ అద్దానికే వేలాడుతూ ఉంది. దాని మీద ఒక్క గీత కూడా పడలేదు.

బండి కూడా పెద్దగా పాడవలేదు. ఏడాదికి పైగా మెట్ల కింద దుప్పటి కప్పి ఉంచారు. 2023 డిసెంబరు చివర్లో మళ్లీ రాయితీ ప్రకటించారు, ఈసారి టూవీలర్లకు 80 శాతం. సరిగ్గా అప్పుడే బాబాయి బండి అమ్మేద్దామనుకున్నారు. కొనేవాడు పెండింగ్ చలానాలు లేకుండా చేసివ్వమన్నాడు. నేను పిన్ని పక్కన కూర్చుని ఫోన్‌లో బండి నంబరు కొట్టాను. మూడు చలానాలు వచ్చాయి. మూడింటికీ ఫొటోలు ఉన్నాయి. మూడింటిలోనూ వాడు బతికే ఉన్నాడు, తల మీద ఏమీ లేకుండా. ఒకదాంట్లో వెనక పిన్నే కూర్చుని ఉంది.

మంత్రి గారూ, ఆ రోజు నుంచి నన్ను ఒకే మాట తొలుస్తోంది. వాడు హెల్మెట్ పెట్టుకోలేదని మూడుసార్లు ఎవరో చూశారు. చూశారనడానికి సాక్ష్యం కూడా ఉంది. బండి పక్కన ఆపి, "తమ్మీ, అది తీసి తలకు పెట్టుకో, అప్పుడే కదులు" అని ఒక్కరూ అనలేదు. ఫొటో తీసినవాళ్లను ఒక్కొక్కరినీ నిందించను. ఎండలో, పొగలో, హారన్ల మధ్య ఎనిమిది గంటలు నిలబడే కానిస్టేబుళ్లను నేను రోజూ చూస్తున్నాను. రోజుకు ఇన్ని కేసులు రాయాలని పైనుంచి ఒత్తిడి ఉంటే వాళ్లు మాత్రం ఏం చేస్తారు? ఫొటో తీయడం క్షణంలో అయిపోతుంది. ఆపి మాట్లాడాలంటే రెండు నిమిషాలు పడుతుంది, పైగా గొడవ పడేవాళ్లుంటారు. వాళ్లు చేసే పనిని దేనితో కొలుస్తున్నామన్నదే నా ప్రశ్న. ఎన్ని ఫొటోలు తీశారని లెక్కిస్తే ఫొటోలు పెరుగుతాయి. ఆ చౌరస్తా దాటేటప్పుడు ఎన్ని తలల మీద హెల్మెట్ ఉందో లెక్కిస్తే వాళ్ల పని తీరే మారుతుంది.

మాస్కుల రోజుల్లో గడ్డం కింద మాస్కు పెట్టుకుని, పోలీసు కనపడగానే పైకి లాక్కున్నవాళ్లను చూశాం. ఇప్పుడు మోచేతికి హెల్మెట్ తగిలించుకుని, సిగ్నల్ ముందు తలకు పెట్టుకుని, దాటగానే మళ్లీ తీసేసేవాళ్లను చూస్తున్నాను. నంబరు ప్లేటుకు చున్నీ అడ్డం పెట్టుకుని కూర్చునే ఆడపిల్లలున్నారు. ప్లేటు వంచుకున్న కుర్రాళ్లున్నారు. కెమెరాకు దొరక్కుండా ఎలా పోవాలో జనం బాగా నేర్చుకున్నారు. అయినా కరోనా కాలంలో ఇంకో రకం జనాన్నీ చూశాం. పోలీసు ఉన్నా లేకపోయినా మాస్కు తీయనివాళ్లు. మా తమ్ముడు ఆ రకం. ఆ రకాన్ని తయారుచేసింది వెయ్యి రూపాయల జరిమానా కాదు, రోజూ వచ్చిన ఆ బులెటిన్. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. రోడ్డు మీద పోయేవాళ్ల లెక్క కూడా మాకు రోజూ చెప్పండి.

లెక్కలు లేవని కాదు, ఉన్నాయి. కాకపోతే ఏడాది గడిచాక ఎప్పుడో, లావుపాటి నివేదికగా వస్తాయి. కేంద్ర రహదారి రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో 1,68,491 మంది రోడ్ల మీద ప్రాణాలు పోగొట్టుకున్నారు. వాళ్లలో హెల్మెట్ లేకుండా బండి నడిపినవాళ్లు, హెల్మెట్ లేకుండా వెనక కూర్చున్నవాళ్లు కలిపి 50,029 మంది. మన రాష్ట్రంలో ఆ ఒక్క ఏడాది ఏడున్నర వేలకు పైగా పోయారు. అంటే రోజుకు ఇరవై మంది. కరోనాతో మన రాష్ట్రంలో పోయినవాళ్లు, ప్రభుత్వ లెక్క ప్రకారం, మొత్తం కాలానికి కలిపి నాలుగు వేల పైచిలుకు. కరోనా లెక్క తక్కువ చూపారన్న అనుమానం చాలామందికి ఉంది, నాకూ ఉంది. ఒక చావును ఇంకో చావుతో పోటీ పెట్టాలని నేను ఇది రాయడం లేదు. రోజుకు ఇద్దరు ముగ్గురు పోయారని బులెటిన్ చెప్పిన రోజుల్లో కూడా ఊరంతా జాగ్రత్తపడింది. రోజుకు ఇరవై మంది పోతుంటే ఎవరికీ తెలియడం లేదు. బండ్లన్నీ దాదాపు రెండు నెలలు ఇళ్ల దగ్గరే ఆగిపోయిన 2020లో కూడా దేశంలో 1,31,714 మంది రోడ్ల మీదే పోయారు. ఈ అంకె చూసి నేను చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

తమ్ముడు పోయిన మర్నాడు పేపర్లో జిల్లా పేజీలో రెండు లైన్లు వచ్చింది. "అదుపుతప్పి" అని రాశారు. హెల్మెట్ మాటే లేదు. ఆ డివైడర్ చివర రేడియం స్టిక్కర్ లేదన్న మాటా లేదు. అదే చోట అంతకుముందు ఇంకెవరైనా పడ్డారా? నాకు తెలియదు, తెలుసుకునే దారి కూడా మాలాంటివాళ్లకు లేదు. కరోనా అప్పుడు మా వీధి కంటైన్‌మెంట్ జోనా కాదా అని ఫోన్‌లో చూసుకుని బయటికి అడుగుపెట్టేవాళ్లం.

దీనికి కొత్తగా ఏ వ్యవస్థా కట్టనక్కర్లేదు. ప్రమాదం జరిగిన చోటే పోలీసులు వివరాలు మొబైల్ యాప్‌లో ఎక్కించడానికి ఐరాడ్ అనే వ్యవస్థ ఇప్పటికే ఉంది. ఐఐటీ మద్రాస్, కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ వ్యవస్థలు చూసే ఎన్‌ఐసీ కలిసి దాన్ని తయారుచేశాయి. అందులోంచే రోజూ సాయంత్రం ఒక పేజీ తీసి బయట పెట్టండి. ఎవరి పేర్లూ వద్దు. ఈ రోజు జిల్లాల వారీగా ఎంతమంది పోయారు, అందులో బైక్‌ల మీదివాళ్లెందరు, నడిచి వెళ్తున్నవాళ్లెందరు, హెల్మెట్ ఉందా, ఏ రోడ్డు, ఏ సమయం. గత నెలలో అదే చోట ఇంకెవరైనా పోయి ఉంటే అది కూడా. టీవీలో వాతావరణ వార్తల పక్కన ఒక్క నిమిషం చదివినా చాలు. జనం భయపడతారని అంటారేమో. భయపడనివ్వండి. మేం కరోనా లెక్కలు విని తట్టుకున్నవాళ్లమే.

ఆ పేజీ వస్తే ఇంకో మేలు కూడా ఉంటుందని నా ఆశ. ఒకే మలుపు పేరు నెలలో మూడుసార్లు వస్తే, కార్పొరేటరు దగ్గరికి, ఇంజినీరు దగ్గరికి ఆ కాగితం పట్టుకుని వెళ్లి అడగొచ్చు. ఇప్పుడు వెళ్తే, "మా దృష్టికి రాలేదమ్మా" అంటారు.

చలానాల గురించి కూడా రెండు మాటలు. 2021 ఆగస్టులో కేంద్రం మోటారు వాహనాల నిబంధనల్లో 167ఏ అనే కొత్త నిబంధన చేర్చింది. కెమెరా నిఘా ఉన్న చోట ముందుగానే బోర్డు కనపడాలని, తప్పు జరిగిన 15 రోజుల్లోపు నోటీసు పంపాలని అప్పుడు అందులో రాశారు. కెమెరా ఉందని ముందే తెలిస్తే బండివాడు అక్కడ జాగ్రత్తపడతాడు, మనకు కావలసింది అదే కదా. స్తంభం చాటున నిలబడి తీసిన ఫొటోతో కేసు పెరుగుతుంది గానీ, ఆ బండివాడు మరుసటి చౌరస్తాకు కూడా అలాగే వెళ్తాడు. కాబట్టి హెల్మెట్ విషయంలో ఆపడమే ముందు పని కావాలి, ఫొటో తర్వాత. అదే బండి రెండోసారి, మూడోసారి దొరికితే ఇంటికి ఒక ఫోన్ చేయించండి. బండి నంబరుకు ఎక్కించిన ఫోన్ చాలాసార్లు పాత యజమానిదై ఉంటుంది, దాన్నీ సరిచేయించండి. మా పిన్నికి ఒక్కసారి ఫోన్ వచ్చి ఉంటే ఆ హెల్మెట్ అద్దానికి ఉండేది కాదు. పిన్నిని నేను ఎరుగుదును, వాకిట్లోకి వచ్చి వాడి తలకు బిగించి గానీ గేటు దాటనిచ్చేది కాదు.

రాయితీలు ఇక వద్దు. జరిమానా ఎక్కువ అనిపిస్తే తగ్గించండి, కట్టలేనివాళ్లకు వేరే దారి చూపండి. మొదటిసారి దొరికినవాడు ఐఎస్‌ఐ మార్కు హెల్మెట్ కొని బిల్లు చూపిస్తే ఆ జరిమానా రద్దు చేయండి. సరైన హెల్మెట్ తలకు పెట్టుకుంటే చనిపోయే ముప్పు 42 శాతం, తలకు గాయమయ్యే ముప్పు 69 శాతం తగ్గుతాయని పరిశోధనలు చెబుతున్నాయి. ఆ జరిమానా సొమ్ము ఖజానాకు రాకపోయినా ఒక హెల్మెట్ ఒక ఇంటికి చేరుతుంది.

తమ్ముడి మూడు చలానాలనూ ఆ రోజే ఐదో వంతు సొమ్ముతో కట్టేశాను. రసీదు వచ్చింది, బండి అమ్ముడుపోయింది. కట్టే ముందు పిన్ని నా చేయి పట్టుకుని, "ఆ ఫొటోలు పోతాయేమో, ముందు దాచుకోనీ" అంది. అన్నింటికంటే చివరిది, వాడు ఎటో చూసి నవ్వుతున్నది, ప్రింటు తీయించుకుని దేవుడి గూడు పక్కన పెట్టుకుంది. కింద తేదీ, సమయం, చౌరస్తా పేరు ఇప్పటికీ స్పష్టంగా కనపడుతున్నాయి. వాడు పోవడానికి పందొమ్మిది రోజుల ముందు తీసిన ఫొటో అది.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,

ఉప్పల్ నుంచి ఒక అక్క